కల్తీ గాలి

పాము పగ పన్నెండేళ్ళంటారు. హేమావతి పగ ముందు ఆ పాము ఏ మూలకు? ఆమె పద్దెనిమిదేళ్ళు ఓపిక పట్టింది. అన్నేళ్ళూ పగవాడి కిందే ఉద్యోగం చేసింది, పగవాడి పుట్టినరోజు కేకు తిన్నది, పగవాడు వేసిన జోకులకు అందరితో పాటు తనూ నవ్వింది. అంత బాగా నవ్వే మనిషిని ఎవరు మాత్రం అనుమానిస్తారు?

పగవాడి పేరు డాక్టర్ సర్వోత్తమరావు. మదనపల్లెకు ఎగువన కొండ మీదున్న గ్రహవాయు పరిశోధన కేంద్రానికి డైరెక్టరు. పరాయి నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల మీద ఏ గాలి ఉందో కనిపెట్టడం ఆ కేంద్రం పని. పాతికేళ్ళుగా హేమావతిదీ అదే పని. ఆమె భర్త ఓబులేసుదీ అదే పని, అతన్ని చేయనిచ్చినన్నాళ్ళు.

ఎక్కడో ఆకాశంలో ఉన్న గాలి ఇక్కడ కూర్చుంటే ఎట్లా తెలుస్తుందని ఓబులేసును వాళ్ళమ్మ చెన్నమ్మ ఒకసారి అడిగింది. ఆ రోజు శనివారం, ఇంట్లో సాంబ్రాణి వేస్తున్నారు. ఓబులేసు ధూపం పళ్ళెం ఎత్తి వెలుగుతున్న బల్బుకు అడ్డంగా పట్టాడు.

"సూడుమా, బల్బు రంగు మారిందా లేదా? పొగ కొంచెం వెలుగును మింగేసింది. ఏ పొగ ఏ రంగును మింగుతాదో నాకు తెలుసు. గ్రహం దాని నచ్చత్రానికి అడ్డమొచ్చినప్పుడు దాని గాలి గుండా కొంచెం వెలుగు మన దాకా వస్తాది. దాంట్లో ఏ రంగు తగ్గిందో సూస్తా. అంతే."

"ఇంతేనా? దీనికి ఇన్నేండ్లు సదవల్లనా?" అంది చెన్నమ్మ. ఆ మాటకు ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆ ఇంట్లో అట్లా నవ్విన రోజులు ఆ తర్వాత ఎక్కువ లేవు.

ఓబులేసు పట్టుకున్న గ్రహానికి పట్టికల్లో పెద్ద పేరేదో ఉంది. ఇంట్లో మాత్రం దాన్ని బొంగరం అనేవారు. జంట నక్షత్రాల చుట్టూ తిరిగే ఆ గ్రహం దారి, ఆగబోయే బొంగరంలా ఊగుతూ ఉంటుంది. అందుకని అది కొన్ని నెలల పాటు నక్షత్రాల ముందు నుంచి సరిగ్గా దాటుతుంది, ఆ తర్వాత దారి ఒరిగిపోయి పద్దెనిమిదేళ్ళు మన కంటికి అడ్డం రాదు. ఆ కొన్ని నెలల్లో ఓబులేసు దాన్ని చూశాడు. దాని గాలిలో, మన దగ్గరైతే సముద్రపు నాచు మాత్రమే వదిలే వాయువు ఒకటి ఉందన్నాడు. అంటే అక్కడ ప్రాణమున్నదేదో ఉందన్నమాట.

అప్పటికి డైరెక్టరు కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీకి పోటీలో ఉన్నది ఇద్దరే, ఓబులేసు, సర్వోత్తమరావు. దేశంలోని పెద్దలంతా కూర్చున్న సభలో సర్వోత్తమరావు లేచి, ఆ లెక్కలో తప్పు ఇదీ అని ఒక్క ముక్క చెప్పలేదు. ఒక్క జోకు వేశాడు. "ఓబులేసుగారు అద్దం మీద ఊపిరి వదిలి, గ్రహానికి ప్రాణం ఉందంటున్నారు."

సభ గొల్లుమంది. నవ్విన తర్వాత ఇక లెక్కలు ఎవరు చూస్తారు? బొంగరం ఒరిగిపోయింది, మళ్ళీ చూసి తేల్చుకునే వీలు లేదు. జోకు మాత్రం మిగిలింది. అది ఓబులేసు కంటే ముందే ప్రతి ఊరికీ వెళ్ళి కూర్చునేది. కుర్చీ సర్వోత్తమరావుకు దక్కి, తన ఉద్యోగం పోయి, మదనపల్లెలో ఒక కోచింగ్ సెంటరులో పాఠాలు చెప్పుకుంటుంటే, వెనక బెంచీ పిల్లలు కిటికీ అద్దం మీద ఊపిరి వదిలి కిసుక్కున నవ్వేవారు. ఒకరోజు బోర్డు ముందే కుప్పకూలిపోయాడు. డాక్టర్లు గుండెపోటన్నారు. హేమావతి మాత్రం, ఆ జోకే మింగేసిందనుకుంది. ఇప్పటికీ అదే అంటుంది.

కర్మకాండ అయ్యాక ఆమె తిరిగి కొండెక్కి ఉద్యోగంలో చేరింది. చూసినవాళ్ళు ఎంత గుండె నిబ్బరమో అన్నారు.

*

ఆ తర్వాతి ఏళ్ళలో హేమావతి ఒక యంత్రం తయారుచేసింది. దాని అసలు పేరు మూరెడుంటుంది. కేంద్రంలో అందరూ దాన్ని కల్తీ అంటారు. అది చేసే పనీ అదే. ఫలానా గ్రహం, ఫలానా వాయువు అని చెబితే చాలు, ఆకాశంలో తిరిగే మన దూరదర్శిని దివిటీ పంపిన వెలుగులో ఆ వాయువు గుర్తును కలిపేస్తుంది. కలిసిందాన్ని విడదీయడం దేవుడి తరం కూడా కాదు. పాలలో నీళ్ళు కలిపితే నాలుక్కైనా తెలుస్తుంది, ఇది ఏ లెక్కకూ తెలియదు.

ఉద్దేశం మంచిదే. లెక్కలు కట్టేవాళ్ళు ఆశపడి లేనిది చూస్తున్నారా అని పరీక్షించడానికి, అప్పుడప్పుడూ ఏదో ఒక గ్రహం వెలుగులో దొంగ గుర్తు కలుపుతారు. కలిపే మనిషి ఒక్కరే. దాగుడుమూతల్లో లాగా ఆ మనిషిని దొంగ అంటారు. కొండ మీద మొదటి నుంచీ దొంగ హేమావతే. ఆ ఆటకు నియమాలున్నాయి. అడిగేదాకా దొంగ నోరు విప్పకూడదు. ఎవరికైనా ఏదైనా దొరికితే, లోకానికి చెప్పేముందు అందరి ఎదుటా దొంగను "నీదా?" అని అడగాలి. డైరెక్టరైనా సరే, గారూ గీరూ లేకుండా ఆ ఒక్క మాటే అడగాలి. అడిగితే దొంగ నిజం చెప్పాలి. తనదే అంటే, దాచి ఉంచిన కల్తీ లేని వెలుగును అందరి ముందూ తెరిచి చూపాలి. అంతవరకూ దాన్ని దొంగ కూడా చూడకూడదు.

పద్దెనిమిదేళ్ళు తిరిగి వచ్చాయి. బొంగరం మళ్ళీ నక్షత్రాల ముందుకొచ్చింది. దివిటీ ప్రతి దాటునూ చూసి వెలుగును కొండకు పంపింది. అన్నీ ముందుగా చేరేది హేమావతి గదికే.

ఆమె తలుపు గడియ పెట్టి కల్తీ ముందు కూర్చుంది. గ్రహం, బొంగరం. వాయువు, అదే నాచు వాయువు. ఏ అద్దం మీద ఊపిరి అని వాడు నవ్వాడో ఆ అద్దంలోనే వాడికి వాడి మొహం చూపిస్తాను అనుకుంది. సర్వోత్తమరావుకు పదవీ విరమణ దగ్గర పడింది, పెద్ద పేరు ఏదీ రాలేదు. ఎర చూస్తే మింగకుండా ఉండలేడు. మింగాక, లోకమంతా చూస్తుండగా గాలం లాగాలి.

కల్తీ లేని వెలుగు పక్కనే ఉంది. తెరిచి చూడటం క్షణం పని. ఆమె తెరవలేదు. నిలువునా అబద్ధం ఆడటానికి సిద్ధపడిన మనిషి, ఆ చిన్న నియమం మాత్రం తప్పలేదు. మడి కట్టుకుని దొంగతనానికి వెళ్ళినట్టుంది కదూ? అలవాటు అని తనకు తాను చెప్పుకుంది. అసలు సంగతి అది కాదు. తెరిస్తే అక్కడ ఏమీ లేదేమోనని భయం. భర్తను అవమానించారని ఆమె కడుపు మండిందే గానీ, భర్త చెప్పింది నిజమని ఆమె మనసు ఏనాడూ గట్టిగా నమ్మలేదు. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. తనతోనూ అనుకోలేదు.

*

చేప ఎరను మింగింది.

సర్వోత్తమరావు అందరినీ పెద్దగదిలోకి పిలిచాడు. అరవై నాలుగేళ్ళ మనిషి మొహం పరీక్ష పాసైన కుర్రాడి మొహంలా ఉంది. నాచు వాయువు గుర్తు ప్రతి దాటులోనూ ఉందని చెప్పి, హేమావతి వైపు తిరిగాడు.

హేమావతికి ఎందుకో ఒక్క అవకాశం ఇవ్వాలనిపించింది. "సార్, ఈ గ్రహం గురించి ఇదివరకు ఎవరో ఇట్లాగే చెప్పినట్టు గుర్తు" అంది.

సర్వోత్తమరావు ఆమెను ఒక్క క్షణం చూశాడు. ఎవరి భార్యో తెలియనివాడు కాదు. "ఎవరో ఏదో అన్నారు లెండి. అది సైన్సు కాదు" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, నియమం ప్రకారం అడిగాడు. "నీదా?"

"నాది కాదు" అంది హేమావతి. గొంతు కొంచెం కూడా తొణకలేదు.

గది చప్పట్లతో దద్దరిల్లింది. దొంగ కాదన్నాక కల్తీ లేని వెలుగును తెరవాల్సిన పని ఎవరికీ లేదు. కొండ మీద ఇన్నేళ్ళలో దొంగ అబద్ధమాడిందే లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి చెన్నమ్మ సంగటి కెలుకుతోంది. ఎనభై దాటినా సంగటి కట్టె ఇంకొకరి చేతికివ్వదు. హేమావతి పీట వాల్చుకుని కూర్చుని జరిగిందంతా చెప్పింది. చెన్నమ్మ అంతా విని, కట్టె ఆపింది.

"నువ్వు కలిపినావు. వాడు నిజమనుకున్న్యాడు. రేపు నలుగుర్లో వాని పరువు తీస్తావు. అంతేనా?"

"అంతే అత్తా. నవ్వులపాలైతే ఎట్లుంటాదో వానికీ తెలుస్తాది."

"వాని పరువు పోతే నా కొడుకు మాట నిజమైతాదా?"

హేమావతి పొయ్యిలోని పుల్లలు ఎగదోసింది.

"వాడు సస్తే నాకేం, బతికితే నాకేం. ఓబులేసు సెప్పింది నిజమేనని ఒకరన్నా అంటే సాలు నాకి" అంది చెన్నమ్మ. మళ్ళీ కట్టె అందుకుంది. "నీ ఇష్టం మ్మే. సదువుకున్న్యదానివి."

ఆ రాత్రి హేమావతి సంగటి రెండు ముద్దలు తిన్నది. పద్దెనిమిదేళ్ళలో అంత ఆకలి ఎప్పుడూ వేయలేదు.

*

ప్రకటన రోజున కొండ మీద కార్లు పెట్టడానికి చోటు లేకపోయింది. మంత్రులొచ్చారు, దేశదేశాల శాస్త్రవేత్తలొచ్చారు, కెమెరాలు బారులు తీరాయి. సర్వోత్తమరావు పట్టు కండువాతో వేదికెక్కాడు. బొంగరం చివరి దాటు కూడా అయిపోయింది, ఇక పద్దెనిమిదేళ్ళ దాకా అది కనబడదు, సమయానికి మనం పట్టుకున్నాం అన్నాడు. "ఈ విశ్వంలో మనం ఒంటరివాళ్ళం కాదు" అన్నాడు. హాలంతా లేచి నిలబడింది. ఓబులేసు పేరు మాత్రం అతని నోటి వెంట రాలేదు.

చప్పట్లు ఆగాక హేమావతి ముందు వరుసలోంచి లేచి మైకు తీసుకుంది.

"ఆ గాలి నాది" అంది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఆమె తొందరపడకుండా, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పింది. కల్తీ అంటే ఏమిటో, అది ఎంత బాగా కలుపుతుందో, అందులో అబద్ధాన్ని లోకంలోని ఏ లెక్కా ఎందుకు పట్టలేదో అంతా విడమర్చింది. దొంగ నిజం చెప్పాలన్న నియమం తాను తప్పానని, కావాలనే తప్పానని చెప్పింది. "డైరెక్టరుగారు అద్దం మీద నా ఊపిరి చూసి, గ్రహానికి ప్రాణముందంటున్నారు" అంది చివర్న.

వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ముందుకు పాకుతూ వచ్చింది. సర్వోత్తమరావు మొహం సున్నం కొట్టినట్టయింది. హేమావతి ఆ మొహాన్ని కళ్ళారా చూసింది. కడుపు నిండింది. దేవుడనేవాడుంటే అప్పుడే ఆమెను తీసుకుపోయినా బాగుండేది.

"రుజువు?" అని ఒక విలేఖరి అరిచాడు.

"ఉంది. కల్తీ లేని వెలుగు నా దగ్గరుంది. ఇంతవరకూ నేను కూడా చూడలేదు. అందరం కలిసే చూద్దాం" అని ఆమె తాళం తీసి దాన్ని పెద్ద తెర మీదికి పంపింది.

తెర మీద ఒక గీత వచ్చింది. నాచు వాయువు ఉంటే ఆ గీత ఒకచోట గుంతలా దిగాలి, లేకపోతే చదునుగా పోవాలి. హేమావతి హాలు వైపు తిరిగి నిలబడింది, చదునైన గీతను చూసి జనం పకపకా నవ్వుతారని. ఎవరూ నవ్వలేదు. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

గుంత ఉంది. ఆమె కలిపిన దానికంటే లోతు కాస్త తక్కువ, అంతే. ప్రతి దాటులోనూ ఉంది. పద్దెనిమిదేళ్ళ కిందట ఓబులేసు చేత్తో గీసి చూపిన చోటే, ఆ లోతులోనే ఉంది.

ఆయన చెప్పింది నిజం. నిజమని తెలుసుకునే లోపే హేమావతి తన నోటితో తానే దాన్ని అబద్ధమని లోకానికి చాటింది. "ఉంది!" అని అరిచింది. "నిజంగానే ఉంది! నేను కలపకముందే ఉంది! నా భర్త ఓబులేసు అప్పుడే చెప్పాడు, ఇదే చెప్పాడు!"

"అమ్మా, ఒక్క నిమిషం" అన్నాడు విలేఖరి. "మీ యంత్రం కలిపితే ఎవరూ పట్టలేరని ఇప్పుడే చెప్పారు. ఈ అసలు వెలుగూ మీ దగ్గరే ఉంది. దీంట్లో కూడా మీరు కలపలేదని నమ్మకమేంటి?"

హేమావతి తెర మీది గుంతను వేలితో చూపింది, చూపుతూనే ఉంది.

ఆమె సర్వోత్తమరావు వైపు చూసింది. అతను తెరను చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళు అవే గీతలు చూసిన కన్ను అది. కల్తీ చేసేవాడు గుంతను చిన్నది చేసి దాచుకోడని, పెద్దది చేసి చూపిస్తాడని అతనికి తెలియదా? చూపు తిప్పి హేమావతిని చూశాడు. అతనికి అర్థమైపోయిందని ఆమెకు అర్థమైంది. ఒక్క మాట చాలు. నేను ఈ గీతను నమ్ముతున్నాను అని అతనంటే సభ నమ్ముతుంది. కానీ అంటే, ఓబులేసుది నిజమైపోతుంది, తను ఆనాడు నవ్వించి చంపింది నిజం చెప్పిన మనిషినని తేలిపోతుంది.

సర్వోత్తమరావు మైకు అందుకున్నాడు.

"దొంగ చేతికి తాళాలిచ్చి కూర్చున్నాం. తప్పు నాదే. భర్త పోయిన ఆడమనిషి కదా అని జాలిపడి నమ్మాను. ఈ వెలుగు మొత్తం పనికిరాదు. అంతా కల్తీయే" అన్నాడు. కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

కెమెరాలన్నీ ఆ కండువా మీదికి తిరిగాయి.

*

హేమావతి ఉద్యోగం ఊడింది. అది ఆమె అనుకున్నదే. అనుకోనిది ఇంకొకటి జరిగింది. సర్వోత్తమరావు నవ్వులపాలు కాలేదు. పత్రికలు మోసపోయిన పెద్దమనిషి అని రాశాయి. నమ్మకద్రోహానికి బలైనా సత్యం కోసం తన ప్రకటన తానే వెనక్కి తీసుకున్నాడని సన్మానాలు చేశారు. బొంగరం మీద ఈసారి వచ్చిన వెలుగు మొత్తం చెల్లదని ముద్ర వేసి మూలన పడేశారు. ఓబులేసు పేరు ఎక్కడైనా వచ్చిందంటే, పిచ్చి ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ ఉందని చెప్పడానికే వచ్చింది.

ఆమె ఇంట్లోంచి కదలకుండా కూర్చుంది. ఏడుపు రాలేదు. మొగుణ్ణి మొదటిసారి వాడు చంపాడు, రెండోసారి నేనే చంపాను అనుకుంటూ గోడను చూస్తూ ఉండిపోయింది. చెన్నమ్మ వచ్చి ఎదురుగా కూలబడింది.

"ఒక్క మాట సెప్పు మ్మే. ఊరోళ్ళ మాట నాకొద్దు. నా కొడుకు సెప్పింది నిజమేనా?"

"నిజమే అత్తా. నా కండ్లతో సూసినా."

"ఇన్నాళ్ళూ నువ్వు నమ్మలేదు కదా?"

హేమావతి తలెత్తింది. ముసలామె కళ్ళలో కోపం లేదు. ఏ నాటి నుంచి తెలుసో ఆమెకు.

"నమ్మలేదత్తా" అంది. అప్పుడొచ్చింది ఏడుపు. చెన్నమ్మ ఆమె తలను ఒళ్ళోకి లాక్కుని, తెరిపి దొరికేదాకా ఏడవనిచ్చింది.

"ఆ బొంగరం మళ్ళా ఎప్పుడొస్తాది?" అంది తర్వాత.

"పద్దెనిమిదేండ్లకి. అప్పుడు సూసేది నేను కాదు, నన్ను ఎరగనోళ్ళు. వాళ్ళకి కనిపిస్తాది. అప్పుడు ఎవురూ కాదనలేరు."

"మంచిదే కదా. నేనుండను, పోనీలే. ఆ రావుకి ఎన్నేండ్లుంటాయి?"

"అరవై నాలుగు."

చెన్నమ్మ వేళ్ళు ముడిచి లెక్కేసుకుంది. "ఎనభై రెండు. ఎనభై దాటి నేను బతకలా? వాడూ బతకల్ల. వాడు ముందే సచ్చిపోతే ఇంగ నీ పగ ఎవురి మీద తీర్చుకుంటావు? గోడ మీదా?" అంది. "ఒంట్లో ఎట్లుండాదంట వానికి?"

"షుగరుంది" అంది హేమావతి. ఆ మాట అంటూనే ఆమె వెన్ను నిటారుగా అయింది. "గుండెకు కూడా ఏదో మాత్ర వేసుకుంటాడు."

మర్నాడు పొద్దున్నే ఆమె తలస్నానం చేసి, కొబ్బరికాయ, తమలపాకులు బుట్టలో పెట్టుకుని శివాలయానికి నడిచింది. దేవుడి గుడికి వెళ్ళి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. పూజారి బుట్ట అందుకుని, అర్చన ఎవరి పేరు మీద అని అడిగాడు.

"సర్వోత్తమరావు."

"గోత్రం?"

"తెలీదు."

"తెలీకపోతే కాశ్యప అంటాం. ఫరవాలేదు. ఏం కోరికమ్మా?"

"దీర్ఘాయుష్షు."

"మీ ఇంటాయనా?"

"కాదు సామీ. పగోడు."

పూజారి చేతిలో హారతి పళ్ళెం ఆగింది. ఆమె మొహం చూసి, వేళాకోళం కాదని తెలుసుకున్నాడు. "శత్రువు ఆయుష్షు కోసం మొక్కుకునే మనిషిని ఇదే సూడటం తల్లీ" అన్నాడు.

"వాడు తొంభై దాకా ఉండల్ల. సూపు తగ్గకూడదు, సెవులు బాగా ఇనపడల్ల, మతి తప్పకూడదు. అన్నీ సెప్పు సామీ, ఒక్కటీ ఇడవద్దు."

పూజారి లోపలికి వెళ్ళి మంత్రం మొదలుపెట్టాడు. గర్భగుడిలో సర్వోత్తమరావు పేరు గట్టిగా, స్పష్టంగా వినిపించింది. హేమావతి రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. ఓబులేసు బతికున్న రోజుల్లో అతని ఆయుష్షు కోసం కూడా ఆమె ఏ దేవుడినీ ఇంత మనసారా వేడుకోలేదు.